నాలుగో నంబరు మంచం

"మా ఆయన కోసం మీ దేవుణ్ణి కూడా ఓ మాట అడగవా, అక్కా? ఏడో నంబరు మంచం," అంది ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చున్న అమ్మాయి.

"అలాగే. మా ఆయన కోసం నువ్వు మీ దేవుణ్ణి అడుగు. నాలుగో నంబరు. మతం వేరు కదా, మంచం నంబరు చెబితే పోల్చుకుంటాడంటావా?"

"నర్సమ్మకే తెలుస్తోంది, దేవుడికి తెలియదా!"

ఇద్దరం నవ్వుకున్నాం. మూడు రోజులు తను కళ్ళు మూసుకుని నాలుగో మంచం కోసం అడిగింది. నేను పూసలు తిప్పుతూ ఏడో మంచం కోసం అడిగాను.

ఆ మర్నాడు పొద్దున్నే మా ఆయన పోయాడు.

కాగితాల పని అయ్యేసరికి మధ్యాహ్నమైంది. ఆయన చెప్పులూ గ్లాసూ సంచిలో వేసుకుని బయటికొస్తే, తనింకా కళ్ళు మూసుకుని "నాలుగో మంచం, నాలుగో మంచం" అంటోంది.

"ఆయన పోయాడమ్మా. ఇంక అడక్కు."

తను కళ్ళు తుడుచుకుంది. "తెలుసక్కా. ఆ మంచం మీదికి ఎవరో ముసలాయన్ని తెచ్చారు. వెంట ఒక్కరూ రాలేదు."

బండి వచ్చిందని మా మరిది కేకేశాడు.

"ఒక్క నిమిషం ఆగు, నాయనా," అని సంచి కింద పెట్టి, తన పక్కన కూర్చుని పూసలు తీశాను. ఆ పూట ఏడో మంచం కోసం ఇంకా అడగలేదు.