తాళాల వింక్లర్

"తాళంచెవి బయటికి తియ్యరా, వాడొచ్చేశాడు!" అన్నాడు పక్క కుర్చీలోంచి మాంసం కొట్టు ఫెర్డినాండ్.

వేదిక మీదికి వచ్చినవాడు సంగీతకర్త వింక్లర్. నేనూ వింక్లర్‌నే, తాళాలు చేస్తాను. మా వియన్నాలో సంగీతం నచ్చకపోతే బోలు తాళంచెవి పెదవికి ఆనించి ఈల వేస్తారు. ఆయన కొత్తరకం సంగీతం మొదలెట్టినప్పటి నుంచి "మీవాడేనా?" అని నన్ను అడగనివాడు లేడు. "నేను తాళాల వింక్లర్‌ని, ఆయనెవరో నాకు తెలీదు" అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. ఆ కసితోనే ఈ సాయంత్రం వచ్చాను.

వయొలిన్ల మీద కమానులు ఆనకముందే హాలంతా ఈలలు.

"ఇంకా మొదలే పెట్టలేదు కదరా!" అన్నాను.

"మొదలెడితే వినాలా ఏంటి? ఊదు!" అని ఫెర్డినాండ్ గొంతెత్తాడు. "వింక్లర్, దిగిపో!"

హాలంతా అందుకుంది. "వింక్లర్, దిగిపో!"

దిగిపొమ్మంటున్నది నన్నే అన్నట్టు, ఎవరో నా చొక్కా పట్టుకుని గుంజినట్టయింది.

ఆయన దిగలేదు. వాయిద్యగాళ్ల వైపు చేతులు పైకెత్తి అలాగే నిలబడ్డాడు.

ఫెర్డినాండ్ నోటి దగ్గర్నుంచి తాళంచెవి లాగేసుకున్నాను. "ఇది నేను చేసిందిరా. తలుపు తీసుకోమని చేశాను!" కుర్చీ ఎక్కి గావుకేక పెట్టాను. "నోళ్లు ముయ్యండి! ముందు విననివ్వండి!"

పోలీసు వచ్చి నా రెక్క పట్టుకున్నాడు. "పేరు?"

"వింక్లర్."

"ఆయనకేమవుతావు?"

ఫెర్డినాండ్ అడ్డుపడ్డాడు. "ఏమీ కాడండీ, పాపం. వీడు తాళాల వింక్లర్."

"తాళాలూ లేవు, ఏమీ లేవు," అన్నాను పోలీసుతో. "ఉత్త వింక్లర్ అని రాసుకోండి."