పిస్టన్ బాబాయ్ తీర్పు

కొత్త మోడళ్ల మీద ముసుగులు తీసి గంట కాలేదు, షోరూమ్ మేనేజరుకి ముచ్చెమటలు పట్టేశాయి.

వచ్చినవాళ్లంతా బైకుల పిచ్చోళ్లు. మూడు బండ్ల చుట్టూ మూగి వంకలు పెడుతున్నారు.

"శబ్దమేది సార్? మా ఆవిడ కుట్టుమిషన్ నయం!"

"కిక్ రాడ్ లేని బండీ ఒక బండేనా?"

"పాత మోడల్లో ఉన్న ఠీవి ఇందులో ఎక్కడుంది?" అన్నాడో కుర్రాడు. ఆ పాత మోడల్ అతను పుట్టకముందే ఆగిపోయింది.

తిట్టినవాళ్లు తిట్టినట్టే బండెక్కి ఫోటోలు దిగుతున్నారు. బుకింగ్ మాత్రం ఒక్కటీ లేదు. ఈసారి కూడా బండ్లు కదలకపోతే షోరూమ్‌కి తాళమేనని యజమాని పొద్దున్నే చెప్పి వెళ్లాడు.

అప్పుడే తలుపు తోసుకుని ఒక పెద్దాయన వచ్చాడు. నెరిసిన గడ్డం, మోచేతుల దగ్గర అరిగిపోయిన తోలు జాకెట్టు. ఎవరినీ పలకరించలేదు. పెద్ద బండికి ఎదురుగా ఉన్న సోఫాలో కూలబడి, చెంపకి చెయ్యి ఆనించుకుని దానివంకే చూస్తూ ఉండిపోయాడు.

"ఒరేయ్, ఆ జాకెట్టు చూడు, పిస్టన్ బాబాయ్ కాదు కదా?" ఎవరో గుసగుసలాడారు.

అందరి తలలూ సోఫా వైపు తిరిగాయి. పిస్టన్ బాబాయ్ అంటే ఫోన్లలో బైకుల గ్రూపులన్నిటికీ పెద్ద దిక్కు. ఆయన ముఖం చూసినవాళ్లు లేరు, మాటకి ఎదురు చెప్పినవాళ్లూ లేరు. కిందటేడు వచ్చిన మోడల్‌ని ఆయన 'చక్రాల బకెట్' అన్నాడు. ఆ బకెట్లు ఇంకా గోడౌన్‌లోనే తుప్పు పడుతున్నాయి.

మేనేజరు చేతులు కట్టుకుని దగ్గరికి వెళ్లాడు.

"బాబాయ్‌గారూ, బండి ఎలా ఉందో ఒక్క మాట..."

పెద్దాయన కళ్లు మూసుకుని తల అడ్డంగా ఊపాడు.

"పోయింది! ట్యాంకు నచ్చలేదు," అన్నాడు గుంపులో ఒకడు.

"కాదెహె, ఇంజన్‌ని మనసులోనే విప్పి చూస్తున్నాడు."

పెద్దాయన కళ్లు తెరిచాడు. తన చెంప మీద తనే మెల్లగా కొట్టుకున్నాడు. కాసేపాగి మళ్లీ కొట్టుకున్నాడు.

"లెంపలేసుకుంటున్నాడ్రా! ఇన్నాళ్లూ కంపెనీని తిట్టినందుకు!"

ఆయన పెదవి ఒక పక్కకి సాగింది. కంట్లోంచి ఒక చుక్క జారింది.

"నవ్వాడు! అవి ఆనందబాష్పాలు!"

ఆ వెంటనే పెదవి చివర సన్నగా చొంగ కారింది. పెద్దాయన గబుక్కున రుమాలు అద్దుకున్నాడు.

"చూశారా, ఆయనకే నోరూరింది!"

ఇక ఆగారా? కిక్ రాడ్ గురించి అడిగినవాడు అందరికంటే ముందు కౌంటరు దగ్గరికి ఉరికాడు. కుట్టుమిషన్ అన్నాయన "ఈ నిశ్శబ్దంలోనే ఉందండీ హుందాతనమంతా" అంటూ కార్డు తీశాడు. పాత ఠీవి కుర్రాడు వరసలో నిలబడే నాన్నకి ఫోన్ చేసి బతిమాలుతున్నాడు.

మేనేజరు పెద్దాయన చేతులు పట్టుకున్నాడు.

"మా అందరి పొట్టలూ నిలబెట్టారు బాబాయ్‌గారూ!"

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. మాట ముద్దముద్దగా వచ్చి ఆగిపోయింది.

"గొంతు పూడుకుపోయింది పాపం," అన్నారు వరసలోవాళ్లు.

అంతలో తెల్లకోటు అమ్మాయి ఒకతె తలుపులోంచి తొంగిచూసి కేకేసింది: "మత్తింజెక్షన్ ఇచ్చి కాసేపు కూర్చోమంటే కిందికొచ్చేశారేంటి తాతగారూ, దవడ మొద్దుబారిందిగా, పైకి రండి, పన్ను పీకేద్దాం!"