తలుపు పక్క మేకు

గిట్టనివాడు చెప్పిన మాట మంచిదైతే, ఆ మాటను ఏం చేయాలి? మేస్త్రీని ఈ సందేహం ఎన్నో ఏళ్లుగా వదల్లేదు. పొద్దున్నే దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా ఒకటి రెండుసార్లు అడిగి చూశాడు. దేవుడు తొందరపడి జవాబు చెప్పే రకం కాదు.

ఇవాళ మాత్రం జవాబు చెప్పాల్సిన వంతు మేస్త్రీకే వచ్చింది. పళ్లు నిలవచేసే కోల్డ్ స్టోరేజీ వసారాలో పదిమంది కూలీలు అతని చుట్టూ మూగారు. వాళ్ల కాళ్ల దగ్గర తడిసిన కుంపటి పొగలు కక్కుతోంది. కొంకర్లు పోయిన వేళ్లు కాచుకునే ఆ కుంపటి మీద గుమాస్తా ఇప్పుడే బకెట్టు నీళ్లు గుమ్మరించి పోయాడు.

"ఇదేమన్నా అత్తారిల్లా, చలి కాచుకుంటూ కూర్చోడానికి?" అన్నాడు.

ఆ నోటితోనే కొత్త పద్ధతి ఒకటి చెప్పి, తలా ఒక నంబరు బిళ్ల పంచాడు. పళ్లు నిలవుంచే చలి గదిలోకి వెళ్లేవాళ్లు తమ బిళ్లను తలుపు పక్క మేకుకి తగిలించాలి. బయటికి వచ్చాక తీసేసుకోవాలి. ఒకటో నంబరు తనే ఉంచుకున్నాడు.

"తేలుగాడు ఇచ్చింది నేను ముట్టుకోను," అంటూ పొడుగాయన తన బిళ్లను విసిరికొట్టాడు. "ఇవాళ బిళ్ల ఇచ్చాడు. రేపు మెడలో గంట కడతాడు."

అందరూ నవ్వారు. పళ్లు ఏరే అక్క మాత్రం నవ్వలేదు. తిమ్మిరెక్కిన వేళ్లు చంకల్లో దాచుకుని తడి బొగ్గుల వంకే చూస్తోంది. అక్క ఎటంటే అందరూ అటే.

మేస్త్రీ వంగి బిళ్ల తీశాడు. "ఈ తలుపులకి గడియ బయటే ఉంది. లోపల గొంతు చించుకున్నా వినబడదు. మనిషి ఉన్నాడో లేడో తెలియకుండా గడియ పెట్టేస్తే తెల్లారేసరికి ఏమవుతుందో నేను చెప్పాలా?"

"అదే మీరు చెప్పి ఉంటే వినేవాళ్లం. చెప్పింది ఆయన," అన్నాడు పొడుగాయన.

"ఆయన మంచివాడు కాదు, ఒప్పుకుంటాను. చెప్పింది మంచిదా, కాదా? మనిషిని అవతల పెట్టు నాయనా, మాట తీసుకో. నీ పెళ్లాం పిల్లల కోసం తీసుకో."

పొడుగాయన అక్క వంక చూశాడు. అక్క చంకలోంచి వేళ్లు తీసి చెయ్యి చాపింది.

"ఇటివ్వండి మేస్త్రీగారూ. మీ మాట మేమెప్పుడు కాదన్నాం?"

మధ్యాహ్నానికల్లా బిళ్లలు ఒద్దికగా మేకులెక్కుతున్నాయి, దిగుతున్నాయి. మేస్త్రీ మనసు తేలికపడింది. గుమాస్తా అది కూడా చెడగొట్టాడు. "చూశావా? అదిలిస్తే గానీ గొడ్లు కదలవు," అన్నాడు అందరికీ వినబడేలా.

ఆరింటికి పని దిగే గంట మోగింది. కూలీలు కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. రోజూ ఆ వేళకి అక్కడ చెవులు చిల్లులు పడే గోల. ఇవాళ నీళ్ల చప్పుడు తప్ప మరేమీ లేదు.

"గుమాస్తాగారేరి?" అన్నాడు మేస్త్రీ.

"వెళ్లిపోయుంటారు," అన్నాడు పొడుగాయన, తల ఎత్తకుండా.

గుమాస్తా సైకిలు గేటు పక్కనే ఉంది. నాలుగింటి నుంచీ ఆయన గొంతు వినబడలేదన్న సంగతి మేస్త్రీకి అప్పుడు తట్టింది. వెనక్కి పరుగెత్తాడు.

మొదటి గది మేకు ఖాళీ. రెండోదీ ఖాళీ. మూడో గదికి గడియ పెట్టి ఉంది. పక్కన మేకుకి ఒకటో నంబరు బిళ్ల వేలాడుతోంది.

రెండు చేతులా గడియ లాగాడు. తలుపుకి ఆనుకుని ఉన్న గుమాస్తా గడప మీదికి ఒరిగిపోయాడు. పెదాలు నల్లబడ్డాయి. గోళ్లు చిట్లి నెత్తురు గడ్డకట్టింది. ఊపిరి మాత్రం ఆడుతోంది. మేస్త్రీ తన చొక్కా విప్పి ఆయనకి కప్పి, తల తిప్పాడు. పదిమందీ వచ్చి నిలబడి ఉన్నారు. ఒక్కరూ అడుగు ముందుకు వేయలేదు.

"బిళ్ల ఇక్కడే ఉంది కదరా! ఇంతమందిలో ఒక్కరికీ కనబడలేదా?"

"కనబడకేం?" అంది అక్క నెమ్మదిగా. "మంచి పద్ధతే మేస్త్రీగారూ. అదే లేకపోతే, లోపలున్నది ఆయనో మనవాళ్లో మాకెలా తెలిసేది?"