నాలుగో గది తలుపు

ఆయా ఉమ్ షుక్రీ తలుపు తట్టనంది.

"పంతొమ్మిదేళ్లుగా ఈ వార్డులో చేస్తున్నాను డాక్టరమ్మా, ఏ గదికీ తట్టి వెళ్లలేదు. నేను తట్టి నిలబడితే లోపలివాళ్లు మాత్రలు పరుపు కింద దాచుకునేదాకా గుమ్మంలో కాపలా కాసినట్టే."

పాఠం వింటున్న ఆయాలూ నర్సులూ నవ్వారు. మత్తు మాన్పించే ఆ ఆడవాళ్ల వార్డు అలెగ్జాండ్రియాలో సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉంది. కైరో నుంచి వచ్చిన డాక్టర్ నివీన్ మూడు రోజులుగా అక్కడి సిబ్బందికి కొత్త పద్ధతి నేర్పుతోంది. మత్తులో పడ్డ మనిషి వెనక ఎప్పుడో తగిలిన పెద్ద దెబ్బ ఒకటి ఉంటుందని, మనం అరిచినా, తోసుకుని లోపలికి వెళ్లినా అది మళ్లీ తగులుతుందని చెప్పింది. 'నీకేం రోగం' అనకుండా 'నీకేం జరిగింది' అని అడగమంది. ఒక్కొక్కరిచేతా ఆ ప్రశ్న వల్లె వేయించింది కూడా. ఉమ్ షుక్రీ ఎన్నిసార్లు అన్నా అది పోలీసు ఠాణాలో అడిగినట్టే వచ్చింది.

నివీన్ నొచ్చుకోలేదు. "మీ వీధిలో పొరుగింటికి ఎలా వెళ్తారు?" అని అడిగింది.

"అందరూ ఎలా వెళ్తారో అలాగే. గుమ్మం బయట నిలబడి పిలుస్తాను. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే వెనక్కి తిరిగి వచ్చేస్తాను. మర్యాద తెలియనిదాన్ననుకున్నారా?"

"మరి నాలుగో గది సుహైర్‌కి ఇల్లు కాదా?"

వంటగదిలో పనిచేసే కరీమా అందుకుంది. "ఎందుకులెండి డాక్టరమ్మా, ఆమె తడితే తలుపు ఊడి చేతికొస్తుంది" అంది.

సుహైర్ వచ్చి నాలుగు రోజులైంది. ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరు తిండి తెచ్చినా గోడవైపు తిరిగి పడుకునేది. ఇష్టం లేనివాళ్లను ఉంచుకోకూడదన్నది అక్కడి నియమం. ఉంటానని ఆమె తన నోటితో చెప్పాలి. వాళ్లన్నయ్య కారు తెచ్చుకుని కింద కూర్చున్నాడు. మూడో జాము అసర్ నమాజుకు మసీదులో అజాన్ పిలిచేదాకా చూస్తానని, అప్పటికీ చెప్పకపోతే ఇంటికి తీసుకుపోతానని అన్నాడు. అలా ఇంటికి వెళ్లిన ఒకామె కోసం నిరుడు వీళ్లంతా పోయి చావింటి చేదు కాఫీ తాగి వచ్చారు.

ఉమ్ షుక్రీ పళ్లెం ఎత్తుకుంది. పప్పు సూపు, నిమ్మ చెక్క, వేడి రొట్టె. వసారా చివర స్నానాల గదిలో ఎవరో కొళాయి కట్టేశారు.

ఆమె నాలుగో గది ముందు నిలబడి తట్టింది. "సుహైర్, నేనమ్మా, ఉమ్ షుక్రీని. రానా?"

రెండోసారి తట్టింది. మూడోసారి ఇంకా మెల్లగా తట్టింది. చెయ్యి దానంతట అదే తలుపు పిడి మీదికి పోయింది. దూరం నుంచి నివీన్ చూస్తోంది. ఉమ్ షుక్రీ చెయ్యి వెనక్కి తీసుకుంది. మర్యాద ప్రకారం ఇప్పుడు తిరిగి వెళ్లిపోవాలి. వెళ్లిపోతే పిల్ల చేజారుతుంది. ఆమె లోపలికీ వెళ్లలేదు, వెనక్కీ వెళ్లలేదు. పళ్లెం కింద పెట్టి, మోకాళ్లు పటపటమంటుంటే తలుపుకు ఎదురుగా నేల మీద చతికిలబడింది.

నివీన్ ఇంకో పది నిమిషాలు ఆగమని సుహైర్ అన్నను బతిమాలడానికి కిందికి దిగింది. అటుగా వచ్చిన కరీమా, తలుపుతో సంబంధం కుదిరిందా అని అడిగింది. పొయ్యి మీద ఉల్లిపాయలు మాడుతున్నాయి, ముందు అవి చూసుకోమని ఉమ్ షుక్రీ ఆమెను పంపేసింది.

తర్వాత తలుపుతో మాట్లాడింది. సూపులో ఉప్పు ఎక్కువైన మాట నిజమేనని, చల్లారితే ఇంకా ఎక్కువవుతుందని చెప్పింది. ఓ చెంచా తాగింది. రొట్టె మాత్రం బాగుందని చెప్పింది.

"నాకు తట్టడం రాదనుకుంటున్నావేమో. వచ్చమ్మా. మా అబ్బాయి షుక్రీ గదికి తట్టే వెళ్లేదాన్ని. పిల్లాడు పెద్దవాడయ్యాడు, మర్యాద ఇవ్వాలి కదా. ఓ రోజు మూడుసార్లు తట్టాను. పలకలేదు. నిద్రపోతున్నాడనుకుని వెనక్కొచ్చి వంకాయలు తరుగుతూ కూర్చున్నాను."

ఆమె చెంచా పళ్లెంలో పెట్టేసింది.

"ఆ తర్వాత ఇంక ఏ తలుపూ తట్టలేదు."

మసీదులో అజాన్ మొదలైంది. కింద కారు తలుపు తెరిచిన చప్పుడు. ఉమ్ షుక్రీ గోడ పట్టుకుని లేచింది. "తప్పయితే డాక్టరమ్మ తిట్టనీ" అని గొణిగి పిడి తిప్పింది.

గదిలో ఎవరూ లేరు. మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. ఉమ్ షుక్రీ తలుపు చెక్క పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

వెనక ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఆమె తిరిగి చూసింది. భుజాన తువ్వాలుతో సుహైర్ నిలబడి ఉంది. తలస్నానం చేసిన జుట్టు నుంచి నీళ్లు కారి, పాదాల చుట్టూ చిన్న మడుగు కట్టాయి.

"మా అన్నయ్యని వెళ్లిపొమ్మను పిన్నీ, నేనిక్కడే ఉంటాను" అంది సుహైర్. పళ్లెం పక్కన కూర్చుని ఉమ్ షుక్రీ చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. "వంకాయలు తరుగుతూ కూర్చున్నావు. తర్వాత నీకేం జరిగింది?"