మాటెత్తినవాళ్లకే పని

పిల్లలకు ఆటల పోటీలు పెట్టాలని పార్కులో జారుడుబల్ల పక్కన జంతువుల కమిటీ కూర్చుంది. ఎవరు మాటెత్తితే ఆ పని వాళ్ల నెత్తినే రుద్దడం అక్కడి ఆనవాయితీ.

ఆ బల్ల కిందున్న కలుగు దగ్గర పాము అప్పుడే విడిచిన కుబుసాన్ని ఉడుతమ్మ పొద్దున్నే చూసింది. తన ముగ్గురు పిల్లలూ పోటీల్లో ఉన్నారు. కానీ చెబితే, "అయితే కాపలా నువ్వే ఉండు" అంటారు. అందుకే నోరు విప్పలేదు. కుందేలు గొంతు సవరించుకుని, కలుగు వైపు చూసి, ఊరుకుంది.

"ఆటలప్పుడు పిల్లల్ని ఎవరు చూసుకుంటారు?" అంది అధ్యక్షురాలు గోరువంక.

ఉడుతమ్మ తోక సర్దుకుంది, కుందేలు గడ్డి పీకసాగింది.

కలుగులోంచి మెత్తటి గొంతు వినిపించింది. "నేను చూసుకుంటానమ్మా."

"హమ్మయ్య!" అంది గోరువంక.

అందరూ చప్పట్లు కొట్టారు. కలుగు వైపు చూస్తూనే ఉడుతమ్మ కూడా కొట్టింది.