గోడ మీది అంకె

లహరికి మూడో ఏటే షుగరు వచ్చింది. అప్పటినుంచీ జబ్బకు అంటించిన బిళ్ల చెప్పే అంకె వంటింటి గోడ మీద వెలుగుతూ ఉంటుంది. అది మరీ పెరిగినా తగ్గినా ఇరుగుపొరుగు ఇళ్ల గోడలు కూడా మోగుతాయి. పిల్ల విసుక్కుంటే తల్లి పావని ముందు గోడ చూస్తుంది. అంకె ఎక్కువైతే ఇన్సులిన్, తక్కువైతే బత్తాయి రసం. కోపానికి వేరే కారణం వెతికే అలవాటు ఆ ఇంట్లో పోయింది.

ఆ సాయంత్రం లహరి గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది. పావని పిండి చేతులతోనే గోడ వైపు చూసింది. నూట పది.

"అంకె బాగానే ఉందిగా. మరెందుకే ఏడుపు?"

"ఊరికే."

"ఊరికే ఎవరైనా ఏడుస్తారా? బిళ్ల పాడైనట్టుంది అత్తయ్యా, కొత్తది ఇలా ఇవ్వండి."

పాతది ఊడదీసి రెండో జబ్బకు కొత్తది అంటించారు. లహరి చెయ్యి చాచి కదలకుండా కూర్చుంది. గంట తరవాత గోడ మీద నూట ఎనిమిది వెలిగింది.

"ఇదీ అదే చెబుతోంది," అంది అత్తగారు కాంతమ్మ. "ఇహ పిల్లనే అడుగు."

పావని పక్కన కూర్చుంది. "ఏమైంది తల్లీ?"

"కిందింటి శ్రీకర్ పుట్టినరోజు. నన్నొక్కదాన్నే పిలవలేదు. నేను కేకు తింటే వాళ్ల గోడ మోగుతుందంట."

పావని చేతులు కడుక్కుని వచ్చింది. "పద. నేను మాట్లాడతాను."

"ఇప్పుడెందుకమ్మా, అందరూ వెళ్లిపోయారు," అంది లహరి. "ఇందాక నేను ఏడ్చినప్పుడు ఇంకా కేకు కొయ్యలేదు."