గోడ పచ్చగా ఉంటే?

తర్కశాస్త్రం మాస్టారు రెండు జవాబు పత్రాలను బల్ల మీద పక్కపక్కన పరిచి, కళ్లజోడు సరిచేసుకున్నారు.

ఎదురుగా ఈ సాయంకాలపు కాలేజీలో ఆయనకున్న ఇద్దరే విద్యార్థులు. డ్యూటీ చొక్కా ఇంకా విప్పని బస్సు కండక్టరు ఒకరు. చేతుల మీద దారపు ముక్కలు దులుపుకుంటున్న టైలరమ్మ ఒకరు.

"'ఈ గోడంతా తెలుపు', 'ఈ గోడంతా నలుపు'. ఈ రెండు మాటలూ కలిసి నిజం కాలేవు. కాబట్టి ఒకటి తప్పక నిజం."

ఇద్దరూ అక్షరం పొల్లుపోకుండా ఇదే రాశారు. పక్కన, బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ఎర్ర సిరాతో అడిగిన ప్రశ్న: 'గోడ పచ్చగా ఉంటే?' దాని కింద ఇంకో మాట: 'కాపీ.'

"రెండూ అబద్ధం కావచ్చునని తట్టలేదూ? ఈ చెత్త మీకెవరు చెప్పారు?"

మాస్టారు 'కాపీ' అన్న మాట మీద వేలు పెట్టారు.

"కాపీ కొట్టినవాళ్లకి ఏడాది పోతుంది. కండక్టరు గారూ, మీ ప్రమోషన్ ఈ డిగ్రీ మీదే కదా ఉంది?"

"నేనే అక్కది చూసి రాశాను సార్," అన్నాడు కండక్టరు, టికెట్టు చింపిచ్చినంత తేలిగ్గా.

"వాడి మొహం! నేనే తమ్ముడిది చూసి రాశాను సార్," అంది టైలరమ్మ.

మాస్టారికి అనుమానం రెట్టింపయింది. నేరాన్ని పక్కవాడి మీదికి తోసే దొంగల్ని చూశారు గానీ, తమ మీదికి లాక్కునే దొంగల్ని ఆయన ఎన్నడూ చూడలేదు.

"ఇద్దరి మాటలూ కలిసి నిజం కాలేవు. అంటే ఒకరు దొంగ, ఒకరు అబద్ధాలకోరు. ఎవరు ఎవరో మీరే తేల్చండి."

టైలరమ్మ ఆయన చొక్కా వంక చూసింది.

"గుండీ ఊడేలా ఉంది సార్. సూదీ దారం నా దగ్గరే ఉన్నాయి, నిమిషంలో కుట్టేస్తా."

"లంచమా?"

ఆమె తీసిన సూదిని మళ్లీ సంచిలో పెట్టేసింది.

"రేపటికల్లా చెప్పకపోతే ఇద్దరి పేర్లూ ప్రిన్సిపాల్ గారికి పంపుతాను. ఇక వెళ్లండి."

వెళ్లారు. మెట్ల దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. కూడబలుక్కుంటున్నారన్నమాట! మాస్టారు చెప్పులు విప్పి, పిల్లిలా నడిచి, తలుపు వెనక నిలబడ్డారు.

"నేనొప్పుకున్నాక మధ్యలో నువ్వెందుకు దూరావక్కా?"

"నీ ప్రమోషన్ గంగలో కలిపేస్తావా? నాదేముంది, ఇంకో ఏడాది మిషన్ తొక్కుకుంటూ చదువుకుంటా."

"పోనీ, ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామా?"

"ఏమని చెప్తావురా, వాళ్లావిడ పోయిన మూడోనాడే మన పాఠం ఆగకూడదని వచ్చి, ఆ ముక్క బోర్డు మీద సారే రాశారనా?"